పసిబిడ్డలకు మందు – మోతాదు

ఇంట పసిబిడ్డకు జ్వరము తగిలిన రాత్రి తల్లికి నిద్ర యుండదు. ఒడలు కాలుచుండును; బిడ్డ యేడ్చుచుండును; ఆ తొందరలో చేతికందిన చెంచాతో మందు పోయుట పెక్కిండ్ల జరుగుచున్నదే.

కొంతకాలము క్రిందట మా పొరుగింట నొక గండము తప్పినది. ఏడాది నిండని బిడ్డకు, 8 కిలోల బరువు గలవానికి, వైద్యుడు పారాసిటమాల్ సిరపు 5 మిల్లీలీటర్లు పోయుమని చెప్పియుండెను. ఆ సీసా అయిపోగా ఇంటివారు అంగడినుండి అదే పేరు గల మఱియొక సీసాను తెప్పించిరి. అది చుక్కల మందు. తల్లి యెప్పటివలె చెంచా నిండ వంచినది. బిడ్డ నాయనమ్మ సీసాపై వ్రాతను చదివి చేయి పట్టుకొనుటచే ఆ మందు బిడ్డ నోట పడలేదు.

ఆ రెంటికిని గల భేదమెంత? మొదటి సిరపులో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాముల మందు గలదు. చుక్కల మందులో 1 మిల్లీలీటరునకే 100 మిల్లీగ్రాములు. అనగా అది యొక చెంచాడు పోసినచో 500 మిల్లీగ్రాములు, పెద్దవారు మ్రింగెడి మాత్రతో సమానము! దినమునకు నాలుగు మారులు అట్లు పడినచో కాలేయము చెడి ప్రాణమునకే ముప్పు వాటిల్లవచ్చును. పేరొక్కటియే, బలము వేఱు.

పూర్వము వైద్యులు వయస్సును బట్టి పెద్దల మోతాదులో భాగము నిర్ణయించెడివారు. మూడేండ్ల బిడ్డకు అయిదవ వంతు అని యొక లెక్క. కాని ఒకే యీడు బిడ్డలలో నొకడు 8 కిలోలు, వేఱొకడు 11 కిలోలు తూగుట మన మెఱిగినదే కదా! మఱియు శిశువు పెద్దవాని చిన్నరూపు కాదు. అప్పుడే పుట్టిన శిశువు బరువులో ఇంచుమించు నూటికి 75 వంతులు నీరే. మూత్రపిండములు ఇంకను ముదురవు. కావున నేడు బిడ్డల మందులలో పెక్కింటికి బరువే ప్రమాణము.

వైద్యాలయమున నర్సు మొదట బిడ్డను తూచును. పిమ్మట కిలో ఒక్కింటికి ఇంత యని హెచ్చవేయును. తుదకు సీసాలోని బలముచే భాగించును. ప్రమాదకరములైన మందులైనచో రెండవ నర్సు ఆ లెక్కను వేఱుగా చేసి సరిచూచును. మా పొరుగింటి నాయనమ్మ చేసినదియు నదియే.

పారాసిటమాల్ సాధారణముగా కిలోకు 15 మిల్లీగ్రాములకు మించరాదు. 8 కిలోల బిడ్డకు 120 మిల్లీగ్రాములు. పైన చెప్పిన సిరపైనచో 5 మిల్లీలీటర్లు. 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములు గల సిరపైనచో 2.4 మాత్రమే, చుక్కల మందైనచో 1.2. ఆఱు గంటల కొకసారి చొప్పున దినమునకు నాలుగు మారులు దాటరాదు. వంటింటి చెంచాలు ఒకదానితో నొకటి సరిపోలవు. సీసాతో వచ్చిన కొలత మూతయో, సూదిలేని సిరంజియో వాడవలయును. మూడు నెలలలోపు శిశువునకు జ్వరము వచ్చినచో ఇంట మందు పోయక వైద్యునికి చూపవలయును.

మందువలెనే నీటికిని లెక్క గలదు. 1957లో హాలిడే, సెగార్ అను అమెరికా వైద్యు లిరువురు దీనికొక సులభమార్గమును ప్రకటించిరి. బరువులో మొదటి 10 కిలోలకు కిలోకు 100 మిల్లీలీటర్లు, తరువాతి 10 కిలోలకు 50, ఆపైన 20 చొప్పున దినమునకు కావలయును. 14 కిలోల బిడ్డకు 1000, 200 కలసి 1200, గంటకు 50. సెలైను ఎక్కించు సన్నచుక్కల గొట్టములో 60 చుక్కలు 1 మిల్లీలీటరు గనుక నిమిషమునకు 50 చుక్కలు. నవజాత శిశువులకును, గుండె, మూత్రపిండముల జబ్బులు గలవారికిని లెక్క వేఱు. అందుచే ప్రక్కన గూర్చున్న తల్లి, చుక్కలు మెల్లగా పడుచున్నవని గొట్టము మీది చక్రమును ఎన్నడును త్రిప్పరాదు.

విరేచనములు పట్టుకొన్నప్పుడు ఓ.ఆర్.ఎస్. పొట్లమంతయు, దానిపై వ్రాసినంత శుద్ధజలమున కలుపవలయును. సగము పొట్లము, అందాజు నీరు కూడదు. విరేచనమైన ప్రతిమారును రెండేండ్లలోపు బిడ్డకు 50 మొదలు 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్దవానికి 100 మొదలు 200 వఱకు పట్టవలయును. వాంతియైనచో పది నిమిషములు తాళి, మరల చెంచాతో కొద్దికొద్దిగా పోయవలయును. చనుబాలు మాన్పరాదు. కన్నులు లోతుకు పోయి, దాహముతో తల్లడిల్లు బిడ్డకు వైద్యుని పర్యవేక్షణలో నాలుగు గంటలలో కిలోకు 75 మిల్లీలీటర్ల చొప్పున పట్టుదురు. 8 కిలోల బిడ్డకు 600. మగతగా పడియున్నను, త్రాగలేకున్నను, మూత్రము నిలిచినను క్షణమాలసింపక వైద్యాలయమునకు కొనిపోవలయును.

సోదరీమణులారా! ఇందు గుణకారము, భాగహారము తప్ప కొత్త విద్య లేదు. పాలవానితోను, చాకలితోను అణా పైసలు తప్పక లెక్క చూచుకొన్న ఇల్లాండ్రు మన పూర్వికురాండ్రు. ఇంట తూచు యంత్రమున్నచో బిడ్డ నెత్తుకొని యొకమారు, ఒంటరిగా నొకమారు నిలిచి, భేదము చూచిన బిడ్డ బరువు తెలియును. దానిని నెలకొకసారి గోడమీది క్యాలెండరుపై వ్రాసియుంచుడు. జ్వరము వచ్చిన రాత్రి వైద్యుడు మొదట అడుగు ప్రశ్నకు అదియే జవాబు. మందు పోయుటకు ముందు సీసాను ఇంకొకరికి చూపి చదివింపుడు.