ఆటలో మన ఊరి గుడిగంట

బెంగళూరు ఎస్.పి. రోడ్డులో పాత కంప్యూటరు కొని కోలారుకో, హిందూపురానికో తెచ్చుకున్నవారు మీలో ఉండే ఉంటారు. మీ పిల్లలు దాని మీద ఆటలాడటమే కాదు, ఆటను తమకు నచ్చినట్టు మార్చుకోవచ్చు కూడా. ఎలాగో చెప్పుకుందాం.

1993లో అమెరికాలోని ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ 'డూమ్' అనే ఆటను విడుదల చేసింది. అందులో ఆటను నడిపే ప్రోగ్రాము వేరు, బొమ్మలు, చప్పుళ్లు మూటగట్టిన 'వాడ్' ఫైలు వేరు. ఆ మూట విప్పి, మళ్లీ కట్టే సాధనమే 'డ్యూటెక్స్'. దీనికి మౌసుతో నొక్కే బొత్తాలుండవు. ఆజ్ఞలు టైపు చెయ్యాలి.

మీది ఉబుంటు అయితే, ఇంటర్నెట్ కలిపి, టెర్మినల్ తెరవండి. 'సుడో యాప్ట్ ఇన్‌స్టాల్ డ్యూటెక్స్ ఫ్రీడూమ్' అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదిలి కొట్టండి. ఫ్రీడూమ్ అంటే ఎవరైనా ఉచితంగా వాడుకుని, మార్చుకోగల ఆట సామగ్రి. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెర మీద ఏమీ కనబడకపోవచ్చు. కీబోర్డు చెడిపోయిందని కంగారుపడకండి. పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కండి.

తర్వాత 'డ్యూటెక్స్' అని, ఖాళీ వదిలి, రెండు హైఫన్లు పెట్టి, వాటిని ఆనించి 'హెల్ప్' అని కొడితే ఆజ్ఞల పట్టిక వస్తుంది. అది వచ్చిందంటే సాధనం కుదిరినట్టే.

మూట విప్పితే 'సౌండ్స్' అనే ఫోల్డరు కనబడుతుంది. తలుపు తెరుచుకునే చప్పుడు స్థానంలో, అదే పేరుతో, మీ ఊరి గుడిగంట మోతను పెట్టవచ్చు.

ఒక్క జాగ్రత్త. అసలు ఫైలుకు నకలు తీసి, నకలు మీదే పని చెయ్యండి. కొత్త మూటకు వేరే పేరు పెట్టండి. అసలు భద్రంగా ఉంటే పిల్లలు ఎన్నిసార్లు తప్పినా మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఆ ధైర్యం ఉంటేనే చదువు వంటబడుతుంది. సెలవు.