ఏ ఫైలుకి ఏ తాళంచెవి?

*దాచుకోవడం ఒక ఎత్తు. దాచుకున్నదాన్ని కావాల్సినప్పుడు సరిగ్గా తెరవడం మరో ఎత్తు. ఒకే ఒక్క నోట్సు నుంచి ఫొటోని ఫొటోలా, పాటని పాటలా, పట్టుచీర డిజైన్‌ని డిజైన్‌లా తెరిపించే చిన్న ఏర్పాటు గురించే ఈ కథనం.*

హిందూపురంలో రైలెక్కితే పెనుకొండ మీదుగా ధర్మవరం చేరొచ్చు. పొడవైన ప్రయాణమేమీ కాదు. కానీ ఈ దారిలో ఉన్న సంపద అంతా ఇంతా కాదు. హిందూపురానికి దగ్గర్లోనే లేపాక్షి. అక్కడి వీరభద్రాలయంలో లతా మంటపం స్తంభాల మీద చెక్కిన తీగలూ పూలూ హంసలూ చూసి తీరాల్సిందే. పెనుకొండ సంగతి సరేసరి. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత హంపీని విడిచిన విజయనగర పాలకులు రాజధానిగా చేసుకున్న ఊరది. గగన్ మహల్, కోట గోడలు, శాసనాలు ఇప్పటికీ ఆ కథ చెబుతాయి. ఇక ధర్మవరం అంటే పట్టుచీర. లేపాక్షి స్తంభాల మీది లతలు ఆ చీరల అంచుల్లోకీ కొంగుల్లోకీ ఎప్పుడో పాకాయి.

ఇప్పుడీ మూడూ కంప్యూటర్‌లోకి కూడా చేరాయి. స్తంభం ఫొటో అయింది. శాసనం పీడీఎఫ్ అయింది. చీర డిజైను చుక్కల బొమ్మ అయింది. చిక్కంతా అక్కడే మొదలైంది!

‘యాడుందప్పా ఆ డిజైను?’

ధర్మవరంలో చీరల డిజైన్లు గీసే ఓ కుర్రాణ్ని ఊహించుకుందాం. ‘‘పోయిన పెళ్లిళ్ల సీజన్లో లేపాక్షి తీగల అంచు గీసినావు కదప్పా, యాడుందది?’’ అంటాడు మగ్గాల యజమాని. ‘‘కంప్యూటర్లోనే ఉందన్నా’’ అంటాడు కుర్రాడు. ‘‘ఉంటే చూపించు మరి’’ అనగానే మొదలవుతుంది వెతుకులాట. ఒక ఫోల్డర్లో ‘కొత్తది’, ఇంకో దాంట్లో ‘కొత్తది–2’, మరో దాంట్లో ‘ఫైనల్ కొత్తది’. తీరా దొరికాక క్లిక్ చేస్తే అది ఫొటోలు చూపించే ప్రోగ్రామ్‌లో తెరుచుకుంటుంది. కావాల్సింది మాత్రం డిజైన్ల సాఫ్ట్‌వేర్.

ఈ కథ ధర్మవరానిదే కాదు. పిల్లల మార్కుల మెమోలు, పొలం పాసుపుస్తకం స్కాన్ కాపీ, తాతగారి గొంతు రికార్డు చేసిన ఆడియో... ప్రతి ఇంట్లోనూ ఇంతే. ఫైలు ఉంటుంది. ఎక్కడుందో తెలియదు. తెలిసినా దేనితో తెరవాలో తెలియదు.

పాత మగ్గం చెప్పే పాఠం

నిజానికి ఈ సమస్య నేతగాళ్లకు కొత్త కాదు. ఫ్రాన్స్‌కి చెందిన జోసెఫ్ మేరీ జకార్డ్ 1804లో చిల్లుల అట్టలతో నడిచే మగ్గపు యంత్రాన్ని తయారు చేశాడు. ఒక్కో అట్ట ఒక్కో పేకపోగుకి లెక్క. చిల్లు ఉన్నచోట కొక్కెం లేస్తుంది, దాంతోపాటు పడుగుపోగూ లేస్తుంది. చిల్లు లేనిచోట కదలదు. అలా వందలాది అట్టలు వరసగా కుట్టిన దండే ఒక డిజైను.

అయితే, అట్టల కట్ట దొరికినంత మాత్రాన చీర నేయలేరు. అది ఎన్ని కొక్కేల జకార్డు కోసం కొట్టిన అట్టో తెలియాలి. వేరే లెక్కున్న యంత్రానికి తగిలిస్తే ప్రయోజనం లేదు. అంటే అట్టతోపాటు ‘ఇది ఫలానా జకార్డుకి’ అన్న గుర్తు కూడా భద్రంగా ఉండాలన్నమాట. కంప్యూటర్ ఫైలుకీ అచ్చంగా ఇదే సూత్రం. ఫైలు అట్టల దండ అయితే, దాన్ని తెరిచే ప్రోగ్రామ్ జకార్డు. ఒకటుండి ఇంకొకటి లేకపోతే రెండూ లేనట్టే!

అక్షరాల పెట్టె

మరి ఆ గుర్తులన్నీ ఎక్కడ రాసుకోవాలి? చాలామంది ప్రోగ్రామర్లు చెప్పే జవాబు... టెక్స్ట్ ఎడిటర్. రంగులూ హంగులూ లేని ఒట్టి అక్షరాలను రాసి దాచే ప్రోగ్రామ్ ఇది. విండోస్‌లోని నోట్‌ప్యాడ్ అలాంటిదే. కాకపోతే దీనికి తాతలాంటి ఎడిటర్లు వేరే ఉన్నాయి. వాటిలో ఒకటి ఈమ్యాక్స్. 1976లో అమెరికాలోని ఎమ్ఐటీలో పుట్టింది. రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో దాన్ని గ్నూ ఈమ్యాక్స్‌గా విడుదల చేశాడు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ ఉచితంగా దొరుకుతుంది. తెలుగు కూడా చక్కగా రాసుకోవచ్చు. రకరకాల భాషల్లో పలకరింపులు చూపించే దాని ‘హలో’ పేజీలో మన ‘నమస్కారం’ కూడా ఉంది!

ఇందులో ఉన్న సదుపాయమే బుక్‌మార్క్. పుస్తకంలో నెమలీక పెట్టుకున్నట్టు, చదువుతున్న చోటుకి ఓ పేరు పెట్టి వదిలేయడమే. కంట్రోల్–ఎక్స్, తర్వాత ఆర్, ఎమ్ నొక్కితే గుర్తు పడుతుంది. ఎమ్‌కి బదులు బి నొక్కితే ఆ చోటుకి తీసుకెళ్తుంది. ఎల్ నొక్కితే పెట్టుకున్న గుర్తుల పట్టీ మొత్తం కళ్లముందుంటుంది. కంప్యూటర్ కట్టేసి మర్నాడు తెరిచినా ఆ గుర్తులు చెక్కుచెదరవు.

ఇందులో ఓ తెలివి కూడా ఉంది. ఎన్నో అక్షరం దగ్గర గుర్తు పెట్టారన్నదొక్కటే కాదు, ఆ చోటుకి ముందూ వెనకా ఉన్న కొన్ని అక్షరాలనూ ఈమ్యాక్స్ రాసుకుంటుంది. మధ్యలో ఎవరైనా నాలుగు వాక్యాలు చేర్చినా, ఆ అక్షరాల్ని ఆనవాలు పట్టి అసలు చోటు వెతుక్కుంటుంది. ‘రాములవారి గుడి పక్క సందు’ అని మన ఊళ్లో చిరునామా చెప్పినట్టే!

నీది కానిది బయటికి పంపు

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఎడిటర్‌కి తెలిసింది ప్రధానంగా అక్షరాలే. బుక్‌మార్క్ పెట్టిన ఫైలు ఏదైనా దాన్ని తనలోనే తెరవాలని చూస్తుంది. కొన్ని ఫొటోలు, పీడీఎఫ్‌లు చూపించగలదు కానీ వీడియో ఇస్తే తెర నిండా పిచ్చి గీతలే. అందుకే ‘ఇది నీ పని కాదు, బయట ఉన్న సరైన ప్రోగ్రామ్‌కి అప్పగించు’ అని ముందే చెప్పి ఉంచాలి.

అదెలాగంటే... ఏ రకం ఫైలు ఏ ప్రోగ్రామ్‌తో తెరవాలన్న పట్టీ ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంటుంది. విండోస్ ఫైలు పేరు చివరి తోక చూసి నిర్ణయిస్తుంది. లినక్స్ ఫైలు రకాన్ని బట్టి తేలుస్తుంది. ఎడిటర్ చేయాల్సిందల్లా ఆ పట్టీని అడగడమే. లినక్స్‌లో ‘ఎక్స్‌డీజీ–ఓపెన్’, మ్యాక్‌లో ‘ఓపెన్’, విండోస్‌లో ‘స్టార్ట్’ అనే ఆదేశాలు ఆ పని చేస్తాయి.

ఈమ్యాక్స్‌లో ప్రతి బుక్‌మార్క్‌కీ ‘హ్యాండ్లర్’ అనే సొంత పనివాణ్ని పెట్టుకోవచ్చు. ‘ఈ గుర్తు నొక్కితే డిజైన్ల సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వు, ఆ గుర్తు నొక్కితే వీడియో ప్లేయర్‌కి ఇవ్వు’ అని చెప్పడమన్నమాట. అందుకు రెండు మూడు వరసల కోడు రాయాలి. డ్రూ ఆడమ్స్ రాసిన ‘బుక్‌మార్క్ ప్లస్’ అనే అదనపు ప్యాకేజీలో ఫైలు రకాన్ని బట్టి ఈ ఏర్పాటు చేసుకోవచ్చు.

కోడు మనవల్ల కాదనుకునేవాళ్లకు ఇంకో దారుంది. కార్‌స్టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్త 2003లో మొదలుపెట్టిన ‘ఆర్గ్ మోడ్’ ఈమ్యాక్స్‌తోపాటే వస్తుంది. నోట్సు రాసుకుంటూ మధ్యలో ఫైలుకి లింకు పెట్టుకోవచ్చు. లింకు మీద కంట్రోల్–సి, కంట్రోల్–ఓ నొక్కితే ఫైలు తెరుచుకుంటుంది. దానికి ముందు కంట్రోల్–యు రెండుసార్లు నొక్కితే ‘నీలో తెరవొద్దు, బయటికి పంపు’ అని అర్థం. 1991లో బ్రామ్ మూలెనార్ విడుదల చేసిన విమ్ ఎడిటర్ వాడేవాళ్లయితే, ఫైలు పేరు మీద కర్సర్ ఉంచి జి, ఎక్స్ నొక్కుతారు. పని అదే!

ఒకే పేజీలో మూడు ఊళ్లు

ఇప్పుడు మన ధర్మవరం కుర్రాడి దగ్గరికి మళ్లీ వెళ్దాం. అతని నోట్సులో ‘తీగల అంచు’ అని ఓ శీర్షిక. దాని కింద మూడు లింకులు. మొదటిది నొక్కితే లేపాక్షి స్తంభం ఫొటో. రెండోది నొక్కితే శాసనాల పుస్తకం. మూడోది నొక్కితే డిజైన్ల సాఫ్ట్‌వేర్‌లో అంచు. పక్కనే ‘ఇన్ని కొక్కేల జకార్డుకి, ఫలానా రంగులు’ అన్న వివరం. యజమాని అడిగిన మరుక్షణం చూపించొచ్చు.

శాసనాల పుస్తకం దగ్గర మాత్రం ఓ మెలిక ఉంది. ‘దక్షిణ భారత శాసనాలు’ సంపుటాల్లో పదహారోది విజయనగర కాలపు తెలుగు శాసనాలది. అలాంటి లావాటి పుస్తకాన్ని స్కాన్ చేసిన పీడీఎఫ్‌కి ఒట్టి లింకు పెడితే అది మొదటి పేజీలోనో, చివరిసారి చదివి వదిలేసిన చోటో తెరుచుకుంటుంది. కావాల్సిన శాసనం ఎక్కడో లోపల ఉంటుంది. బయటి ప్రోగ్రామ్‌కి అప్పగించేటప్పుడు పేజీ నంబరు కూడా చెప్పాలి. ఎవిన్స్, ఓకులర్, సుమాత్రా లాంటి పీడీఎఫ్ ప్రోగ్రాములు ఆ నంబరు అందుకుని నేరుగా ఆ పేజీకే వెళ్తాయి.

తప్పు తాళంచెవితో ముప్పు

సరైన ప్రోగ్రామ్‌తోనే తెరవాలన్నది చాదస్తం కాదు. చీర డిజైను ఫైలులో ఒక్కో చుక్క ఒక్కో పడుగు–పేక కలయిక. ఒక్కో రంగు ఒక్కో నేతకి గుర్తు. దాన్ని మామూలు ఫొటో ప్రోగ్రామ్‌లో తెరిచి జేపెగ్‌గా సేవ్ చేశారనుకోండి... సైజు తగ్గించే క్రమంలో రంగుల అంచులు కలిసిపోయి, లేని కొత్త ఛాయలు పుట్టుకొస్తాయి. కంటికి తేడా తెలియదు. మగ్గానికి తెలుస్తుంది! వాట్సాప్‌లో ఫొటోగా పంపినా ఇదే ముప్పు. డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది.

తెలుగు ఫైళ్లదీ ఇలాంటి కథే. యూనికోడ్ వాడకంలోకి రాకముందు డీటీపీ సెంటర్లలో టైపు చేయించిన పెళ్లిపత్రికలు, ఊరి చరిత్రలు ప్రత్యేకమైన ఫాంట్లలో ఉండేవి. ఇప్పుడు తెరిస్తే ఇంగ్లిషు అక్షరాల గందరగోళం కనిపిస్తుంది. ఫైలు పాడైపోలేదు. పాత ఫాంటు లేదంతే. ‘ఇది ఫలానా ఫాంటులో ఉంది’ అని ఎవరైనా ఒక్క ముక్క రాసి ఉంచితే ఆ తెలుగు మళ్లీ బతుకుతుంది.

ఇవి మరవొద్దు

* బుక్‌మార్క్‌లో ఉండేది ఫైలు కాదు, దాని చిరునామా మాత్రమే. ఫోల్డర్ మార్చినా, పేరు మార్చినా గుర్తు దారి తప్పుతుంది. ఈమ్యాక్స్ అయితే ‘కొత్త చోటు చూపిస్తారా?’ అని అడుగుతుంది.

* పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైలుకి గుర్తు పెడితే, విండోస్‌లో డ్రైవ్ అక్షరం మారినప్పుడల్లా తంటానే. ముందు ఫైలుని కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోవాలి.

* గుర్తుల పట్టీ కూడా ఒట్టి అక్షరాల ఫైలే. అసలు ఫైళ్లతోపాటు దాన్నీ మరోచోట దాచాలి.

* ఎవరో పంపిన ఫైలుకి లింకు పెట్టి గుడ్డిగా నొక్కొద్దు. విండోస్ మామూలుగా ఫైలు తోకను దాచేస్తుంది. పీడీఎఫ్‌లా కనిపించేది నిజానికి ‘ఈఎక్స్ఈ’ అయితే, అది తెరుచుకోవడం కాదు... పని మొదలుపెడుతుంది!

ఒక్క పేజీ చాలు

ఈమ్యాక్సూ విమ్మూ నేర్చుకుంటేనే ఇదంతా సాధ్యమనుకోనక్కర్లేదు. నోట్‌ప్యాడ్‌లో ఒక పేజీ తెరిచి ఒక్కో ఫైలుకి మూడు ముక్కలు రాసినా చాలు... అదేమిటి, ఎక్కడుంది, దేనితో తెరవాలి. ప్రోగ్రాములు వస్తాయి, పోతాయి. ఒట్టి అక్షరాలను మాత్రం ఏ కంప్యూటరైనా చదువుతుంది. ఇంట్లో ఒకరికే తెలిసిన సంగతి ఆ ఒక్కరితోనే పోతుంది. రాసి ఉంచింది పిల్లలకు దక్కుతుంది. లేపాక్షి శిల్పి చెక్కిన తీగ ధర్మవరం చీర అంచు దాకా వచ్చిందంటే, మధ్యలో ఎవరో దాన్ని జాగ్రత్తగా అందించబట్టే. ఇక ముందు అందించాల్సిన వంతు ఆ ఒక్క పేజీదే!