మెత్తని రాతిలో కోట

దుర్గమనగానే బండపై బండ పేర్చి లేపిన ప్రాకారములు మనకు తోచును. టర్కీ దేశపు నడిమి పీఠభూమిలో, ప్రాచీనులు కప్పడోకియా యని పిలిచిన సీమయందలి ఒర్తాహిసార్ గ్రామపు కోట యట్లు పేర్చినది కాదు. ఊరి నడుమ నిటారుగా లేచిన యొక మహాశిలను లోపలినుండి తొలిచి, అందు గదులను, సొరంగములను, మెట్లను మలచి, తరతరములవారు దుర్గముగా దిద్దుకొనినది. ‘ఒర్తా’ యనగా నడుమ, ‘హిసార్’ అనగా కోట. మన హర్యానాలోని హిసార్ నగరమునకు పేరైన మాటయు నిదియే.

చేతి పనిముట్టుతో సామాన్య కర్షకుడు సైతము ఇల్లు తొలుచుకొనగల రాయి యెట్లు పుట్టినది? సుమారు కోటి సంవత్సరములనుండి ఆ సీమలోని అగ్నిపర్వతములు పలుమారులు ప్రజ్వరిల్లి, కాగుచున్న వాయువులతో కూడిన బూడిదను, నురుగురాతి తునుకలను పీఠభూమిపై పొరలు పొరలుగా గ్రుమ్మరింపగా, అవి తమ బరువుచేతను వేడిమిచేతను బిగిసి ‘టఫ్’ అను శిల యైనవి. దీని కణముల నడుమ లెక్కలేని సూక్ష్మరంధ్రము లుండుటచే ఉలి సులభముగా దిగును. అంతకంటె నబ్బురమైన సంగతి యొకటి కలదు: తొలిచిననాడు చెమ్మతో మెత్తగా నుండు గోడ, గాలి సోకి ఆరుచున్నకొలది, లోపలి నీటిలో కరగియున్న ఖనిజములు పైకి వచ్చి పేరుకొనగా, క్రమముగా పెంకువలె బిరుసెక్కును. ఇల్లు తొలుచువానికి ఇంతకంటె ననుకూలమైన శిల యింకేది?

ఆ రంధ్రములలో చిక్కిన గాలి వేడిమిని త్వరగా సాగనీయదు. కావున వెలుపల వేసవి మండినను, శీతకాలమున మంచు కురిసినను, లోగుహలలో ఉష్ణోగ్రత స్వల్పముగానే మారును. మధ్యధరాతీరపు తోటలనుండి వచ్చు నిమ్మకాయలను ఒర్తాహిసార్ వర్తకులు శీతలయంత్రముల యవసరము లేకయే ఈ గుహలలో నెలల తరబడి నిలువచేయుదురు. పొరుగున నున్న ఉచ్‌హిసార్ వారు కొండగోడలలో పావురములకు గూళ్లు తొలిచి, వాని రెట్టను ద్రాక్షతోటలకు ఎరువుగా వేసికొనిరి.

అయితే మనుష్యుని యులికి లొంగిన రాయి నీటికిని లొంగును. వాననీరును కరగిన మంచును పగుళ్లలో దిగి, రాత్రి గడ్డకట్టునపుడు నూటికి సుమారు 9 పాళ్లు ఉబ్బి, దిగగొట్టిన మేకువలె పగులును విడదీయును. మరునాడు కరగి మరింత లోతునకు పోవును. లోపల గదులు తొలువగా గోడలు పలుచనైన కోటకు ఈ తాకిడి మిక్కిలి ప్రమాదకరము. నేడు యాత్రికులు దూరమునుండి చూచి కిటికీలని మురియు పెద్ద రంధ్రములలో ననేకము కిటికీలు కావు. ముందుగోడ విరిగి పడిపోగా బయటపడిన గదులు.