హెల్వెలిన్: ఎక్కేది భుజాన, దిగేది బ్రేకు మీద

ఉత్తర ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌కు జనం సరస్సులు చూడడానికి వస్తారు, కవి వర్డ్స్‌వర్త్ ఇల్లు చూడడానికి వస్తారు. ఇంకో రకం వాళ్ళూ వస్తారు. వీళ్ళ కారు వెనక పద్నాలుగు, పదిహేను కిలోల సైకిలు కట్టి ఉంటుంది. అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున ఉన్న గ్లెన్‌రిడింగ్ ఊళ్ళో పొద్దున్నే దాన్ని దించుతారు. కొంతదూరం తొక్కుతారు, కొంతదూరం తోస్తారు, ఆపైన భుజాన వేసుకుని 950 మీటర్ల హెల్వెలిన్ శిఖరానికి మోసుకెళ్తారు. ఇంత అవస్థా తిరిగి కిందికి దిగడానికే! ఆ దిగడం కూడా మామూలు దారిలో కాదు. రాతిమెట్లు, గులకరాళ్ళు, వాగునీళ్ళు, అడుగడుగునా వంకర్లు ఉన్న దారిలో. ఇక్కడివాళ్ళు ఫెల్స్ అని పిలిచే ఈ చెట్టూచేమా లేని కొండల మీద మౌంటెన్ బైకు దింపడాన్ని మొండిధైర్యం పనిగా చూస్తారు చాలామంది. దగ్గరగా చూస్తే అందులో సగానికి పైగా కాగితం పని.

ఆ కాగితం ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1:25,000 మ్యాపు. లేక్ డిస్ట్రిక్ట్ ఈశాన్య భాగానికి దాని నంబరు ఓఎల్5. దాన్ని బల్ల మీద పరిచి ముందుగా వెతికేది ఆకుపచ్చ గీతలనే. పొట్టి ముక్కలుగా తెగిన గీత కాలిబాట. పొడుగు ముక్కలుగా తెగినది బ్రైడిల్‌వే, అంటే గుర్రం మీద వెళ్ళే హక్కున్న బాట. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1968 నాటి కంట్రీసైడ్ చట్టం 30వ సెక్షన్ సైకిలు వాళ్ళకు ఈ గుర్రం బాటల మీద హక్కు ఇచ్చింది. నడిచేవాళ్ళకూ గుర్రం మీద వెళ్ళేవాళ్ళకూ దారి వదలాలన్న షరతు పెట్టింది. అదే సెక్షన్‌లో ఇంకో ముచ్చటైన మాట ఉంది: సైకిలుకు అనువుగా బాటను బాగుచేయాల్సిన బాధ్యత మాత్రం ఎవరి మీదా లేదు. హక్కు నీది, రాళ్ళూ నీవే అన్నమాట.

హెల్వెలిన్ నెత్తి మీదికి గుర్రం బాట ఎందుకుంది? విక్టోరియా రాణి కాలపు యాత్రికుల పుణ్యమే అది. అప్పట్లో కాస్త డబ్బున్నవాళ్ళు కాలు నొప్పి పుట్టకుండా పొట్టి గుర్రమెక్కి, పక్కన దారి చూపే మనిషిని పెట్టుకుని శిఖరం చూసి వచ్చేవారు. గుర్రాలకు నిట్టనిలువు దారి పనికిరాదు కాబట్టి కొండ పక్కన మెలికలు తిప్పుతూ బాట వేశారు. గుర్రాలు పోయాయి, మెలికలు మిగిలాయి. ఈనాటి సైకిలు వీరుడు మహా సాహసంగా చెప్పుకునే మలుపులు ఒకనాడు పెద్దింటి ఆడవాళ్ళ విహారం కోసం వేసినవే.

ఆకుపచ్చ గీత దొరికాక గోధుమరంగు గీతల లెక్క మొదలవుతుంది. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే ఈ కాంటూరు గీతల మధ్య ఇక్కడ తేడా 10 మీటర్లు. మ్యాపు మీద ఒక సెంటీమీటరు నేల మీద 250 మీటర్లు. బాట వెంట ఆ సెంటీమీటరులో పది గీతలు తగిలితే 250 మీటర్ల దూరంలో 100 మీటర్లు దిగుతున్నామని అర్థం. అంటే నూటికి నలభై వాలు, సుమారు 22 డిగ్రీలు. తారురోడ్డు మీద అంత వాలు కనబడితే బండి ఆపేసి చూస్తాం. గీతలు చెప్పని సంగతీ ఒకటుంది: అది గడ్డా, రాయా, రాలిన గులకా అన్నది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు దిగబోయే దారిని ముందొకసారి నడిచి చూసుకుంటారు. ఇక్కడి కొండల్లో ఎక్కువ భాగం దాదాపు 45 కోట్ల ఏళ్ళ నాటి అగ్నిపర్వతాల రాయి. ఎండలో టైరును బాగానే పట్టుకుంటుంది. ఉత్తరాన స్కిడా వైపు కొండలు పలకరాయివి. అది తడిస్తే పట్టు దొరకదు.

ఈ పిచ్చి కొత్తదేమీ కాదు. కాలిఫోర్నియాలో మౌంట్ టమల్‌పైస్ పక్కన 1976లో మొదలైన రీప్యాక్ అనే సైకిలు పందేల నుంచి మౌంటెన్ బైకు చరిత్రను చెప్పడం అలవాటైపోయింది. అంతకు ఇరవై ఏళ్ళ ముందే, 1955లో, ఇంగ్లండ్‌లోని లెమ్‌స్టర్ పట్టణంలో కొందరు కలిసి ‘రఫ్ స్టఫ్ ఫెలోషిప్’ అనే సంఘం పెట్టుకున్నారు. సన్న టైర్లు, వంపు హ్యాండిళ్ళు ఉన్న మామూలు సైకిళ్ళను కొండదారుల మీదుగా తీసుకెళ్ళడమే సంఘం పని. తొక్కలేని చోట నవ్వుతూ మోసేవారు. యాదృచ్ఛికమే గానీ, ఆల్ఫ్రెడ్ వెయిన్‌రైట్ తన చేతిరాతతో, చేతి బొమ్మలతో తయారుచేసిన లేక్‌లాండ్ కొండల పుస్తకాల్లో మొదటిది అచ్చయింది కూడా 1955లోనే. హెల్వెలిన్ ఉన్నది ఆ సంపుటంలోనే.

గ్లెన్‌రిడింగ్ నుంచి పైకి వెళ్ళే దారి పాత సీసం గని పక్కగా పోతుంది. గ్రీన్‌సైడ్ గని 1962లో మూతపడింది. ఒకప్పుడు దీని యంత్రాలను నడిపేందుకు కొండ నీళ్ళతో కరెంటు తీశారు. అందుకోసం పైన కెపెల్ కోవ్‌లో నిలవచేసిన నీళ్ళు 1927 అక్టోబరు తుపానులో కట్ట తెంచుకుని ఊరి మీద పడ్డాయి. తర్వాత కాంక్రీటుతో కొత్త ఆనకట్ట కట్టారు. అదీ కొన్నేళ్ళకే అడుగున చిల్లుపడింది. నీళ్ళు లేని ఆ గోడ ఇప్పటికీ అలాగే నిలబడి ఉంది, చిల్లుతో సహా. దాన్ని దాటాక పాత గుర్రాల మెలికలు మొదలవుతాయి. సైకిలు భుజానికెక్కేది చాలామందికి ఇక్కడే. ఫ్రేమును మెడ వెనక ఆనించి, ఒక చేత్తో ముందు ఫోర్కు, రెండో చేత్తో పెడలు పట్టుకుంటే బరువు రెండు భుజాల మీదా సమంగా పడుతుంది. గాలి ఎక్కువగా ఉన్న రోజున సైకిలే తెరచాప అయి మనిషిని పక్కకు లాగుతుంది. అప్పుడు తోసుకుంటూ వెళ్ళడమే నయం.

మెలికలు 863 మీటర్ల వైట్ సైడ్ దగ్గర శిఖరాల వరుసను కలుపుతాయి. అక్కడి నుంచి దక్షిణానికి తిరిగితే హెల్వెలిన్. తూర్పు వైపు కొండను హిమనదం తవ్విపోసింది. కింద 718 మీటర్ల ఎత్తున రెడ్ టార్న్ అనే చెరువు, దాని పక్కన కత్తి అంచు లాంటి స్ట్రైడింగ్ ఎడ్జ్. అది కాళ్ళూ చేతులూ వాడి పాకాల్సిన దారి, చక్రాలకు సంబంధం లేదు. 1805 వసంతంలో చార్లెస్ గఫ్ అనే యువకుడు ఆ వైపే పడి చనిపోయాడు. మూడు నెలల తర్వాత అస్థిపంజరం దొరికినప్పుడు అతని కుక్క బతికే, పక్కనే ఉంది. వర్డ్స్‌వర్త్, వాల్టర్ స్కాట్ ఇద్దరూ దాని మీద కవితలు రాశారు. పడమటి వైపు మాత్రం పచ్చిక పరుచుకున్న చదును. ఎంత చదునంటే 1926 డిసెంబరు 22న జాన్ లీమింగ్, బెర్ట్ హింక్లర్ ఇక్కడ చిన్న విమానాన్ని దింపి, మళ్ళీ ఎగిరిపోయారు. ఎవరూ నమ్మరేమోనని, ఆ సమయానికి కొండెక్కి ఉన్న గ్రీకు ఆచార్యుడు ఇ.ఆర్. డాడ్స్ చేత కాగితం మీద సాక్షి సంతకం పెట్టించుకున్నారు. దీనికి శిలాఫలకం ఉంది. దగ్గరలోనే కూడిక గుర్తు ఆకారంలో రాతి గోడ ఉంది. గాలి ఏ దిక్కున వీచినా దాని నాలుగు మూలల్లో ఒకటి చాటు ఇస్తుంది. సీటు దించి, మోకాలి కవచాలు తొడిగి, టైర్లలో గాలి ఒత్తి చూసుకునేది ఈ గోడ చాటునే.

అక్కడి నుంచి దక్షిణంగా నెదర్‌మోస్ట్ పైక్ మీదుగా డాలీవ్యాగన్ పైక్ దాకా దారి వెడల్పుగా, హాయిగా సాగుతుంది. ఆ హాయి మోసం. డాలీవ్యాగన్ పక్కన అంచు దాటగానే దారి ఒక్కసారిగా గ్రైజ్‌డేల్ టార్న్ వైపు కూలిపోతుంది. టార్న్ ఎత్తు 538 మీటర్లు. శిఖరం నుంచి అక్కడికి 410 మీటర్ల పైచిలుకు దిగాలి. అందులో పెద్ద భాగం ఈ మెలికల్లోనే. ఒక లెక్క వేసి చూశాను. మనిషి, సైకిలు కలిపి 95 కిలోలు అనుకుంటే, అంత ఎత్తు దిగేసరికి విడుదలయ్యే శక్తి సుమారు 380 కిలోజౌళ్ళు. అది లీటరు పైచిలుకు చల్లని నీళ్ళను మరిగించడానికి చాలు. నెమ్మదిగా దిగితే అందులో ఎక్కువ భాగం రెండు పల్చటి ఉక్కు డిస్కుల్లోకే వేడిగా చేరుతుంది. 200 మిల్లీమీటర్ల డిస్కులు ఎందుకు పెట్టుకుంటారో అప్పుడు అర్థమవుతుంది.

దిగే పద్ధతి చూసేవాళ్ళకు తలకిందుల వ్యవహారం. భయం వెనక్కి వాలమంటుంది. వెనక్కి వాలితే ముందు చక్రం తేలికై పట్టు తప్పుతుంది, తిప్పినా తిరగదు. అందుకని బరువంతా పాదాల మీద వేసి, మడమలు దించి, మోకాళ్ళూ మోచేతులూ వంచి, గడ్డం హ్యాండిలు మీదికి వచ్చేలా ఒంగుతారు. నొక్కగానే కిందికి దిగిపోయే డ్రాపర్ సీటు రాకముందు ఈ భంగిమ ఇంత సులువుగా ఉండేది కాదు. ముందు ఫోర్కు వాలు కూడా కాలంతోపాటు మారింది. రోడ్డు సైకిలుకు అది 73 డిగ్రీల దగ్గర నిటారుగా ఉంటుంది. నేటి కొండ సైకిళ్ళలో 64, 65 డిగ్రీలకు జారగిలబడింది. దానివల్ల ముందు చక్రం మనిషికి ఇంకాస్త ముందుండి, మెట్టు దిగినప్పుడు పల్టీ కొట్టించదు. బ్రేకు ఒక్క వేలితోనే పడుతుంది. ఎక్కడ పట్టాలన్నదే చదువంతా. రాతిమెట్టుకు ముందు నొక్కుతారు, చక్రం మెట్టు దిగే క్షణంలో వదిలేస్తారు, నేల దొరికాక మళ్ళీ నొక్కుతారు. చూపు ముందు చక్రం మీద నిలిస్తే పని అయిపోయినట్టే. అది రాబోయే మలుపు మీద ఉండాలి.

ఇక ఆ మలుపులు. గుర్రం తిరగగలిగిన చోట సైకిలు తిరగదు. దాని పొడుగుకు చోటు చాలదు. నేర్పరులు ముందు బ్రేకు నొక్కి, బరువు ముందుకు తెచ్చి, వెనక చక్రాన్ని గాల్లోకి లేపి పక్కకు విసురుతారు. చక్రం కొత్త దారిలో వాలుతుంది. దీన్ని ఎండో టర్న్ అంటారు. చూడడానికి నాట్యమే. తప్పితే మాత్రం కింద ఉన్నది రాతి వాలు. ఆ ఒక్క మలుపూ దిగి నడిచి వెళ్ళేవాళ్ళని ఎవరూ చిన్నచూపు చూడరు. సైకిలును శిఖరం దాకా మోసినవాడికి మలుపులో పదడుగులు మోయడం నామోషీ ఏముంది?

బాటలోని రాళ్ళు చాలా చోట్ల వాటంతట అవి ఉన్నవి కావు. లక్షల పాదాల కింద నేల కొట్టుకుపోతుంటే, ‘ఫిక్స్ ద ఫెల్స్’ అనే ఉమ్మడి కార్యక్రమం కింద పనివాళ్ళు, స్వచ్ఛంద కార్యకర్తలు రాళ్ళను చేతితో పేర్చుతున్నారు. రాయిని పడుకోబెట్టరు, నిలబెట్టి పాతుతారు. పైకి కనబడేది కొంచెమే. రాళ్ళ మూటలను హెలికాప్టరుతో కొండ మీదికి చేరవేస్తారు. అడ్డంగా నీటి కాలువలూ కడతారు. చక్కగా పేర్చిన ఈ బాట పాదాలకు వరం. చక్రాలకు మాత్రం వరుసగా పళ్ళు బయటపెట్టుకున్న దవడే. అది కష్టమని పక్క గడ్డి మీద నుంచి దిగితే, చక్రం గాడి తొలి వానకే పిల్లకాలువ అవుతుంది. వెనక బ్రేకు బిగించి జారుకుంటూ దిగడం అందుకే ఇక్కడ అనాగరికం కింద లెక్క. ఇక ఇవి గొర్రెల కొండలు కూడా. హెర్డ్‌విక్ గొర్రెపిల్లలు నల్లగా పుట్టి పెరిగేకొద్దీ బూడిదరంగుకు తిరుగుతాయి. కంచె లేకపోయినా తమ మేత హద్దును తల్లి దగ్గర నేర్చుకుంటాయి. అంత తెలివీ సైకిలును చూసి ఎటు పరుగెత్తాలో చెప్పదు పాపం!

గ్రైజ్‌డేల్ టార్న్ దగ్గర బ్రేకుల వాసన తగ్గేదాకా కూర్చోవచ్చు. కంబ్రియా చివరి రాజు డన్‌మెయిల్ కిరీటాన్ని అతని సైనికులు ఈ నీళ్ళలోనే పారేశారని స్థానికుల కథ. పక్కనే ఒక బండ ఉంది. విలియం వర్డ్స్‌వర్త్ 1800లో తమ్ముడు జాన్‌కు వీడ్కోలు చెప్పింది ఇక్కడే. జాన్ ఈస్టిండియా కంపెనీ ఓడల్లో పనిచేసేవాడు. 1805 ఫిబ్రవరిలో అతను కెప్టెన్‌గా ఉన్న ‘ఎర్ల్ ఆఫ్ అబర్‌గావెనీ’ బెంగాల్, చైనాలకు బయలుదేరి ఇంగ్లండ్ తీరం దాటకముందే మునిగిపోయింది. అతనూ పోయాడు. ఇక్కడి నుంచి గ్రైజ్‌డేల్ లోయలో పాటర్‌డేల్ దాకా ఇంకో 390 మీటర్ల దిగుడు. రాళ్ళు తక్కువేం కాదు గానీ వాలు కాస్త కనికరిస్తుంది. వేగం మరిగి చాలామంది పంక్చరు తెచ్చుకునేది ఈ భాగంలోనే.

వెళ్ళాలనుకునేవాళ్ళకు లండన్ యూస్టన్ నుంచి పెన్రిత్‌కు రైల్లో మూడు గంటల ప్రయాణం. సైకిలుకు ముందుగా చోటు బుక్ చేసుకోవాలి. పెన్రిత్ నుంచి గ్లెన్‌రిడింగ్ 22 కిలోమీటర్లు. పూలీ బ్రిడ్జ్ నుంచి సరస్సు మీద స్టీమర్లు కూడా ఉన్నాయి. వాటిలో ‘లేడీ ఆఫ్ ద లేక్’ 1877లో నీళ్ళలోకి దిగి ఇంకా తిరుగుతూనే ఉంది. గని దగ్గరే యూత్ హాస్టల్ ఉంది. మే, జూన్, సెప్టెంబరు నెలలు మేలు. జూన్‌లో రాత్రి పదింటి దాకా వెలుతురుంటుంది కాబట్టి నడిచేవాళ్ళు దిగిపోయాక సాయంత్రం ఎక్కడం మర్యాద. వేల్స్‌లోని స్నోడన్ కొండ మీదైతే మే నుంచి సెప్టెంబరు దాకా పగలు పది నుంచి అయిదు వరకు సైకిళ్ళు రాకూడదని స్వచ్ఛంద కట్టుబాటే ఉంది. ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా ఎక్కువ వాన పడే ప్రాంతం లేక్ డిస్ట్రిక్టే. 2015 డిసెంబరులో దగ్గరలోని హానిస్టర్ దగ్గర 24 గంటల్లో 341.4 మిల్లీమీటర్లు కురిసింది. చలికాలంలో డిసెంబరు నుంచి ఈస్టర్ దాకా నేషనల్ పార్కు మనుషులు రోజూ హెల్వెలిన్ ఎక్కి మంచు, గాలి, చలి ఎంతున్నాయో చూసి వచ్చి ‘వెదర్‌లైన్’లో చెబుతారు. పైన దెబ్బ తగిలితే 999కు ఫోన్ చేసి పోలీసులను, వాళ్ళ ద్వారా మౌంటెన్ రెస్క్యూను అడగాలి. సిగ్నల్ లేకపోతే నిమిషానికి ఆరు ఈలలు వేయాలి. వచ్చేవాళ్ళంతా పని మానుకుని వచ్చే స్వచ్ఛంద కార్యకర్తలే. కొత్తవాళ్ళు ముందు విన్‌లాటర్, గ్రైజ్‌డేల్ అడవుల్లో సైకిళ్ళ కోసమే వేసిన బాటల మీద చేయి తిప్పుకోవచ్చు. కష్టాన్ని బట్టి నీలం, ఎరుపు రంగులు పెట్టారు. ఈ గ్రైజ్‌డేల్ అడవి వేరే చోట ఉంది. మ్యాపులో పేరు చూసి టార్న్ వైపు బయలుదేరకండి.