పదకొండు వేల డాలర్లు

ఆదోని అమ్మాయి జాహ్నవి కందుల. 2023 జనవరి 23 రాత్రి అమెరికాలోని సియాటిల్‌లో జీబ్రా గీతల మీద రోడ్డు దాటుతోంది. గంటకు 40 కిలోమీటర్లు దాటకూడని ఆ వీధిలో ఓ పోలీసు కారు దాదాపు 119 కిలోమీటర్ల వేగంతో వచ్చి ఆమెను ఢీకొట్టింది. నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో మాస్టర్స్ చదువుతున్న జాహ్నవికి అప్పటికి 23 ఏళ్లు.

ఆ తర్వాత మరో పోలీసు అధికారి ఫోన్లో జాహ్నవి చావు గురించి నవ్వుతూ మాట్లాడాడు. పదకొండు వేల డాలర్లకు ఓ చెక్కు రాసిస్తే చాలన్నాడు. ఆ పిల్ల ప్రాణానికి విలువ అంతంతమాత్రమేనన్నాడు. అతని ఒంటి మీదున్న కెమెరా ఆ మాటల్ని పట్టుకుంది. ఆ ఏడాది సెప్టెంబరులో వీడియో బయటికి రావడంతో సియాటిల్‌లో జనం రోడ్డెక్కారు. ఆ మాటలు అన్న అధికారి ఉద్యోగం పోయింది. కారు నడిపిన అధికారి ఉద్యోగమూ తర్వాత పోయింది. అయితే అతని మీద క్రిమినల్ కేసు పెట్టేందుకు ఆధారాలు చాలవని 2024 ఫిబ్రవరిలో అక్కడి ప్రాసిక్యూటర్ తేల్చారు.

చాలా కుటుంబాలు ఇక్కడితో ఆగిపోతాయి. కేసే లేదన్నారు కదా, ఇంకేం చేస్తాంలే అనుకుంటాయి. ఆదోని కుటుంబం మాత్రం సివిల్ దావా వేసింది. అడిగింది 11 కోట్ల డాలర్లు, వాటిపైన ఇంకో పదకొండు వేల డాలర్లు. ఆ పదకొండు వేలు ఎందుకు కలిపారో చదివిన ప్రతి ఒక్కరికీ అర్థమైంది. 2026 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం సుమారు 2.9 కోట్ల డాలర్లకు రాజీకి వచ్చింది.

అసలు ఆ దావా వేయగలగడమే కొత్త సంగతి. వాషింగ్టన్ రాష్ట్రంలో 1909 నుంచి ఒక నిబంధన ఉండేది. పెళ్లికాని, పిల్లల్లేని బిడ్డ చనిపోతే తల్లిదండ్రులు నష్టపరిహారం అడగాలంటే ఆ బిడ్డ సంపాదన మీద ఆధారపడి ఉండాలి, అమెరికాలోనే నివసిస్తూ ఉండాలి. ఎక్కడో కర్నూలు జిల్లాలో ఉన్న తల్లికి ఆ తలుపు మూసేసినట్టే. 2015లో సియాటిల్‌లోని ఓ వంతెన మీద టూరిస్టు వాహనం బస్సును గుద్దడంతో విదేశీ విద్యార్థులు ఐదుగురు చనిపోయారు. వాళ్ల కన్నవాళ్లకూ ఇదే నిబంధన అడ్డొచ్చింది. అప్పుడు మొదలైన ఒత్తిడితో 2019లో చట్టం మారింది. జాహ్నవి కుటుంబం కోర్టు గడప ఎక్కగలిగింది ఆ మార్పు వల్లే.

మన దగ్గర తల్లిదండ్రులకు ఆ హక్కు 1855 నుంచీ ఉంది. ఇంగ్లీషువాళ్లు తెచ్చిన ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం, ఒకరి తప్పు వల్ల మనిషి చనిపోతే భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లల తరఫున దావా వేయొచ్చని చెప్పింది. క్రిమినల్ కేసు ఒక దారి, పరిహారం ఇంకో దారి అన్న సూత్రం ఇక్కడా అదే. డ్రైవర్ మీది కేసు కొట్టేసినా పరిహారం కేసు దానంతటది పోదు. శిక్ష వేయాలంటే సందేహానికి తావులేని రుజువు కావాలి. పరిహారానికి, అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువని కోర్టుకు అనిపిస్తే చాలు.

ఇక కర్నూలు దగ్గరి హైవేకి వద్దాం. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు స్లీపర్ బస్సు చిన్నటేకూరు దగ్గర, అప్పటికే ప్రమాదానికి గురై రోడ్డు మీద పడి ఉన్న బైకు మీదుగా వెళ్లింది. బైకు బస్సు కిందే ఈడ్చుకుపోయింది, మంటలు లేచాయి. బస్సులో ఉన్న 19 మంది సజీవంగా కాలిపోయారు. బైకు నడిపిన యువకుడు అంతకుముందే చనిపోయాడు. మృతదేహాలను గుర్తుపట్టడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. ఇదే హైవే మీద 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర వోల్వో బస్సు దగ్ధమై 45 మంది పోయారు.

చిన్నటేకూరు మృతుల కుటుంబాలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 5 లక్షల చొప్పున, ప్రధాని సహాయ నిధి నుంచి 2 లక్షల చొప్పున ప్రకటించారు. ఆ డబ్బు అవసరమే, అంత్యక్రియల నాటికి ఇంట్లో రూపాయి ఉండదు. కానీ అది ఎక్స్‌గ్రేషియా, ప్రభుత్వం తనంతట తాను చేసే సాయం. తీసుకున్నంత మాత్రాన ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి, వాహన యజమాని నుంచి రావాల్సింది రద్దు కాదు. పల్లెల్లో ఎక్కువగా దెబ్బ తగిలేది ఇక్కడే. చెక్కు అందింది కాబట్టి కథ అయిపోయిందనుకుంటారు.

అసలు లెక్క వేరే ఉంటుంది. ముప్పయ్యేళ్ల టైల్స్ మేస్త్రీ అనుకుందాం. నెలకు 15 వేలు సంపాదన. ఇంట్లో తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు. ఏడాదికి 1,80,000. బతికుంటే సంపాదన పెరిగేది కాబట్టి, నలభై లోపు వయసుకు 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేఠీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అంటే 2,52,000. అందులో అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 1,89,000. ముప్పయ్యేళ్ల వయసుకు 17 రెట్లు అని 2009 నాటి సరళా వర్మ తీర్పులో పట్టిక ఉంది. మొత్తం 32,13,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, భార్యకు భర్త తోడు పోయినందుకు ఇచ్చేది వేరు.

మేస్త్రీకి జీతం స్లిప్పు ఎక్కడిది అని అడ్డుప్రశ్న రావచ్చు. రాయలసీమలో ఎవరికుంది? బ్యాంకు పాస్‌బుక్కు, ఉపాధి హామీ జాబ్ కార్డు, పాల కేంద్రం లెక్కల పుస్తకం, పని ఇచ్చినవాళ్ల సాక్ష్యం, ఏదైనా పనికొస్తుంది. ఏదీ లేకపోయినా కూలి రేట్లను బట్టి కోర్టులు ఆదాయం అంచనా కడతాయి. చనిపోయింది ఇల్లాలైతే? ఆమె సంపాదన సున్నా అనే వాదన చెల్లదు. 2021 జనవరిలో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ దీని గురించే విడిగా రాశారు. ఆడవాళ్లు ఇంటిపని మీద రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు గడుపుతున్నారన్న ప్రభుత్వ సర్వేను ఆ తీర్పులో పేర్కొన్నారు. వంట, నీళ్లు, గొడ్లు, ముసలివాళ్లు, పిల్లలు: ఈ పనులన్నిటికీ విలువ కట్టాలని కోర్టు అంటోంది. ఊళ్లో ఈ సంగతి ఇంకా చాలామందికి తెలియదు.

గడువు దగ్గర మాత్రం జాగ్రత్త. 2022 ఏప్రిల్ నుంచి మోటారు ప్రమాద పరిహారం కోసం ఆరు నెలల్లోగా ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఆ షరతు చెల్లుతుందా లేదా అన్నది సుప్రీంకోర్టు ముందు ఉంది. ఆలస్యం పేరుతో పిటిషన్లు కొట్టేయొద్దని 2025 నవంబరులో కోర్టు మధ్యంతరంగా ఆదేశించింది. మధ్యంతర ఆదేశాన్ని నమ్ముకుని ఇంట్లో కూర్చోవడం మంచిది కాదు. దుఃఖంలో ఉన్న ఇంటికి ఆరు నెలలంటే ఎంతో కాలం కాదు, మాసికాలు పెడుతుండగానే అయిపోతాయి. పోలీసులు కూడా 90 రోజుల్లో వివరమైన ప్రమాద నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి, దాన్నే దరఖాస్తుగా తీసుకోవచ్చు. పంపారా లేదా అని స్టేషన్లో అడిగే హక్కు కుటుంబానికి ఉంది. ప్రమాదం జరిగిన చోటే కేసు వేయాలని కూడా లేదు. చిన్నటేకూరులో చనిపోయినవాళ్ల కుటుంబం తమ సొంత ఊరి పరిధిలోని ట్రిబ్యునల్‌కే వెళ్లొచ్చు. ఎఫ్‌ఐఆర్, శవపంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, డెత్ సర్టిఫికెట్, వాహనం ఇన్సూరెన్స్ నంబరు దగ్గర పెట్టుకోవాలి. గుర్తుపట్టలేని దేహమైతే డీఎన్ఏ నివేదిక నకలు కూడా.

గుద్దిన బండి దొరక్కపోతే? హిట్ అండ్ రన్ పథకం కింద 2 లక్షలు వస్తాయి. డ్రైవర్‌కు లైసెన్సు లేదని ఇన్సూరెన్స్ కంపెనీ వాదిస్తే? ముందు బాధితులకు కట్టి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు ఆదేశించగలవు.

రోడ్డు చావుల కన్నా గనుల చావుల్లో చిక్కు ఎక్కువ. 2018 ఆగస్టు 3న ఆలూరు మండలం హత్తి బెళగల్ క్వారీలో పేలుడు జరిగి పది మందికి పైగా చనిపోయారు. చాలామంది ఒడిశా వంటి చోట్ల నుంచి వలస వచ్చిన కూలీలు. 2021 మే 8న కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లె ముగ్గురాళ్ల గనిలో జిలెటిన్ స్టిక్స్ దించుతుండగా పేలి పది మంది పోయారు. ఇలాంటి చోట ఓనరు నాకు తెలియదంటాడు, కాంట్రాక్టరు కనపడడు. పనిలోకి తెచ్చిన మేస్త్రీ దగ్గర చిల్లిగవ్వ ఉండదు. అందుకే 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం, కాంట్రాక్టరు మనిషి చనిపోయినా అసలు యజమానే బాధ్యుడని పెట్టింది. ఆ చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. ముప్పయ్యేళ్ల కూలీకి నెలకు 15 వేల వేతనం మీద, పాత చట్టం పట్టిక ప్రకారం వచ్చేది 15,59,850 రూపాయలు. యజమాని తప్పు చేశాడని నిరూపించాల్సిన పని లేదు.

పొలంలో తెగిపడిన కరెంటు తీగకూ ఇదే న్యాయం. తీగ తెగి రోడ్డు మీద పడి ఓ సైకిల్ మనిషి చనిపోయిన మధ్యప్రదేశ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు, కరెంటు సరఫరా చేసే సంస్థ తన నిర్లక్ష్యం లేదని తప్పించుకోలేదని తేల్చింది. బోరు మోటార్ల సీమలో గుర్తుంచుకోవాల్సిన తీర్పు ఇది.

మార్చురీ బయట వకాలత్ మీద సంతకం పెట్టించుకోవడానికి ఎవరైనా వస్తే తొందరపడక్కర్లేదు. వచ్చిన పరిహారంలో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఆడవాళ్లకు, దళితులకు, గిరిజనులకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వమే ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. ఫోన్ నంబరు 15100.

ఆ ఆఫీసు నుంచే కేసు లోక్ అదాలత్‌కు వెళ్లే అవకాశమూ ఉంది. అక్కడ త్వరగా తేలుతుంది, కానీ అక్కడి తీర్పు మీద అప్పీలు ఉండదు. ఇన్సూరెన్స్ అధికారి ఓ అంకె చెప్పి సంతకం అడిగినప్పుడు, వయసు, ఆదాయం, ఎన్ని రెట్లు అన్న లెక్క ముందే ఒక కాగితం మీద వేసి పెట్టుకోవాలి. లాయర్ చేత సరిచూపించుకోవాలి. అంకె తక్కువనిపిస్తే ఆ రోజుకు వద్దని చెప్పి, కేసును మళ్లీ ట్రిబ్యునల్‌లోనే నడుపుకోవచ్చు.