బట్టలు ఉతుకుడులో ప్రశాంతత ఉందా? ఉంది, కానీ ఒక షరతు!

ఈరోజు టాపిక్ వింటే నవ్వొస్తది: బట్టలు ఉతకడం. ఇంట్లో ఎప్పుడూ ఉండే ఈ పనిలో సంతోషం, ప్రశాంతత దొరుకుతాయా? దొరుకుతాయి. కానీ ఒక షరతు ఉంది, అది చివర్లో చెప్తా.

ముందు ఎందుకు దొరుకుతాయో చూద్దాం. సాఫ్ట్‌వేర్ పనిలో ఒక బగ్ పోతే రెండు బగ్‌లు వస్తాయి. పొద్దంతా కూర్చున్నా పని అయిపోయిందో లేదో మనకే తెలీదు. ఎగ్జామ్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్ల సిలబస్ కూడా అంతే కదా. బట్టలు అట్ల కాదు. నానబెట్టాలి, ఉతకాలి, జాడించాలి, పిండాలి, దండెం మీద ఆరేయాలి. అంతే, పని అయిపోయింది, కండ్ల ముందే కనిపిస్తది. ఇంకో లాభం: తడి చేతులతో ఫోన్ పట్టుకోలేం. అరగంట సేపు నోటిఫికేషన్లకు సెలవు.

దీని మీద ఒక పరిశోధన కూడా ఉంది. అమెరికాలో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 51 మంది విద్యార్థులతో గిన్నెలు కడిగించారు. సబ్బు వాసన, నీళ్ల వెచ్చదనం, గిన్నె చేతికి తగలడం, వీటి మీద ధ్యాస పెట్టినవాళ్లలో కంగారు 27 శాతం తగ్గింది. ఊరికే కడిగేసినవాళ్లలో ఆ మార్పు రాలేదు. ఇది చిన్న పరిశోధన, పైగా గిన్నెల మీద. కానీ సంగతి అర్థమైంది కదా: పని కంటే ధ్యాస ముఖ్యం.

ఇప్పుడు మన చౌటుప్పల్‌కి వద్దాం. తర్వాత మిషన్ భగీరథ అని పేరు పడ్డ మంచినీళ్ల పథకం పైలాన్‌ని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ 2015 జూన్ 8న ఆవిష్కరించింది ఇక్కడే. నల్లగొండ ఫ్లోరైడ్ బాధ అందరికీ తెలిసిందే. అయితే బోరు నీళ్లతో సబ్బు నురగ రాకపోతే "ఫ్లోరైడ్ వల్ల" అంటుంటారు. అది తప్పు. నురగ రానియ్యనివి నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం. సబ్బు వాటితో కలిసి తెల్లటి తెట్టులా మారి బట్టకే అంటుకుంటది. అందుకే బట్టలు గరుకుగా, బిరుసుగా అయితాయి.

మరి ఏం చేయాలి? ఉప్పు నీళ్లకు సబ్బు బిళ్ల కంటే డిటర్జెంట్ పౌడర్ నయం, దానికి తెట్టు తక్కువ. అలాగని గుప్పెడు ఎక్కువ వేయొద్దు. జాడించడానికి రెండు బకెట్లు ఎక్కువ పడతాయి. వానాకాలంలో ఇంటి కప్పు మీది నీళ్లు డ్రమ్ములో పట్టి చూడండి. అవి ఇంకా భూమిలో ఇంకలేదు కాబట్టి ఆ లవణాలు దాదాపు ఉండవు. కొంచెం సబ్బుకే నురగ పొంగుతది. ఆ తేడా చేతికి తెలియడమే ఒక సంతోషం!

మన మండలంలోని కొయ్యలగూడెం ఇక్కత్ దుప్పట్లు, పోచంపల్లి చీరలు ఇంట్లో ఉంటే ఇంకొంచెం ఓపిక కావాలి. నూలుకు కట్లు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గం మీద నేస్తారు. అంత కష్టాన్ని ఎండలో వెలిసిపోనియ్యొద్దు. మొదటిసారి విడిగా, చల్లటి నీళ్లలో ఉతకండి. తిరగేసి నీడలో ఆరేయండి.

వాషింగ్ మిషన్ ఉన్నోళ్లకు? ఆరేసుడు, మడతపెట్టుడు ఉన్నాయి కదా. దులిపి ఆరేస్తే ముడతలు తగ్గుతాయి. ఎండకు ఆరిన బట్టల వాసన ఏ లిక్విడ్ ఇస్తది చెప్పండి?

ఇక ఆ షరతు. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దాని మీద రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారని తేలింది. చేసే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలే. అసలు ఆ పని ముట్టుకునే మగవాళ్లే నలుగురిలో ఒక్కరు. ఇట్లా ఉన్నప్పుడు అమ్మ దగ్గరికి పోయి "ఉతుకుడులో ప్రశాంతత ఉందమ్మా" అంటే, ఆమె తడి బట్టతోనే సమాధానం చెప్తది!

మన గడ్డ మీద ఇంకో చరిత్ర కూడా ఉంది. నిజాం కాలంలో చాకలి కుటుంబాలు దొరల బట్టలు వెట్టికి ఉతకాల్సి వచ్చేది. ఆ కులంలో పుట్టిన చాకలి ఐలమ్మ పాలకుర్తిలో తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ని ఎదిరించింది. బలవంతపు పనిలో ప్రశాంతత ఎక్కడిది? మన బట్టలు మనం, మన ఇష్టంతో ఉతుక్కున్నప్పుడే అది దొరుకుతది. షరతు ఇదే.

కాబట్టి ఈ ఆదివారం మూడు పనులు చేయండి. మీ బట్టలతో పాటు ఇంట్లో ఇంకొకరివి కూడా నానబెట్టండి. ఫోన్ లోపల పెట్టి, ధ్యాస చేతుల మీద పెట్టండి. ఆరిన బట్టలు మడతపెట్టి ఎవరివి వాళ్లకు ఇచ్చే దాకా పని అయిపోయినట్టు కాదు.

అమ్మకు మిగిలిన ఆ గంటలో ఆమె ఏం చేసిందో కామెంట్లలో రాయండి. అవి చదవాలని నాకు చాలా ఆత్రంగా ఉంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!