పందెమునకు ముందే గుండె ఎందుకు కొట్టుకొనును?

పరుగుపందెమునకు విద్యార్థులు గీతమీద నిలిచియుందురు. ఈల ఇంకను మ్రోగదు. ఒక్క అడుగైనను పడదు. అయినను గుండె వడిగా కొట్టుకొనును, నోరు ఎండిపోవును, అరచేతులు చెమర్చును. శ్రమ ఆరంభము కాకమునుపే ఈ మార్పులేల?

మూత్రపిండములపై టోపీలవలె రెండు చిన్న గ్రంథులు కలవు. వీనిని ఎడ్రినల్ గ్రంథులందురు. ప్రతి గ్రంథిలోను లోపలి భాగము దవ్వ, వెలుపలి భాగము వల్కలము. రాబోవు శ్రమను మెదడు ఊహించినంతనే నాడులద్వారా దవ్వకు ఆజ్ఞ అందును. అది ఎడ్రినలిన్ అను హార్మోనును రక్తములోనికి విడుచును. నాడులును, ఈ హార్మోనును కలిసి పనిచేయగా గుండె వేగము హెచ్చును, శ్వాసనాళములు విప్పారును, జీర్ణకోశమునకు పోవు రక్తము తగ్గును, కాలేయములో నిలువయున్న గ్లైకోజెను చక్కెరగా మారి రక్తములో చేరును. అనగా, ప్రయాణమునకు ముందే బండిలో సరకు సిద్ధమగుచున్నదన్నమాట.

దీనికి నిదర్శనమేమి? అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున వాల్టర్ కానన్ అను శరీరశాస్త్రజ్ఞుడు ఈ విషయమును పరిశోధించెను. 1913లో అచటి ఫుట్‌బాల్ జట్టు ఆ సంవత్సరపు చివరి పోటీ ఆడినవెంటనే 25 మంది ఆటగాండ్ర మూత్రమును పరీక్షింపగా, 12 మందిలో చక్కెర కనబడెను. వింత యేమనగా, వారిలో ఐదుగురు అసలు ఆడనేలేదు! పిలుపు వచ్చునేమోయని గట్టున కూర్చుండిన అదనపు ఆటగాండ్రు వారు. కండరములు కదలకున్నను, ఉద్వేగము మాత్రముననే రక్తములో చక్కెర పొంగినది. పరీక్షలును ఇట్టివే. తొమ్మండుగురు వైద్యవిద్యార్థులలో కఠినమైన పరీక్ష పిమ్మట నలుగురికి, సులభమైన పరీక్ష పిమ్మట ఒక్కనికి మాత్రమే మూత్రమున చక్కెర కనబడెను. ఇది మధుమేహము కాదు, తాత్కాలికమైన స్థితి.

వల్కలమునుండి వెలువడు కార్టిజాల్ నెమ్మదిగా వచ్చును. పిట్యూటరీ గ్రంథి సందేశము రక్తముద్వారా అందవలెను గనుక దీనికి కొన్ని నిమిషములు పట్టును. ఇదియు చక్కెర నిలువలను కాపాడును. కాని దినములతరబడి భయము వీడనిచో ఈ హార్మోనే హెచ్చుగా నిలిచి నిద్రను, రోగనిరోధకశక్తిని చెరచును.

కావున పోటీకి ముందు వణకు బాలుని పిరికివాడని గేలిచేయుట అశాస్త్రీయము. అది దేహము చేసికొను సన్నాహము. ఉపాధ్యాయుడు చేయదగినది ఆ సన్నాహమును అణచుట కాదు. అది నెలలతరబడి సాగు దిగులుగా మారకుండ చూచుట.